మూడు గంటల విక్టోరియా, ముప్పావు గంట గ్లేసియర్

2025 దసరాకి ఎల్లారెడ్డి వెళ్తూ దారిలో కామారెడ్డిలో చిన్నమ్మ వాళ్ళింట్లో ఆగాను. సియాటిల్‌లో ఉండే మా తమ్ముడు కూడా పండక్కి వచ్చి ఉన్నాడు. చాయ్ చల్లారకముందే లాప్‌టాప్ తెరిచాడు. ఎక్సెల్ షీటు! వచ్చే వేసవిలో చిన్నమ్మనీ బాబాయినీ అలాస్కా క్రూజుకి తీసుకెళ్తాడట. పదకొండు ఓడలు, పద్నాలుగు కాలమ్‌లు. ఓడ ఏ సంవత్సరంలో కట్టారు, ఎన్ని రెస్టారెంట్లు, పప్పన్నం దొరుకుతుందా, నీళ్ళ జారుడుబల్ల ఉందా, తలకి రోజుకి ఎన్ని డాలర్లు... అన్నీ ఉన్నాయి. ఒక్కటి తప్ప. ఓడ ఏ రేవులో ఎన్నింటికి ఆగుతుంది, ఎన్నింటికి బయల్దేరుతుంది?

వాణ్ణి ఎగతాళి చేసే అర్హత నాకు లేదు లెండి. 2024 జూన్‌లో నేను చేసిన ఘనకార్యమూ అదే. అందుకే ఈ గోల.

నా వాదన ఒక్కటే. అమ్మానాన్నలకి ఊళ్ళు చూపిస్తామని చెప్పి మనం ఓడని కొంటున్నాం. బ్రోషర్‌లో నాలుగు రేవుల పేర్లుంటే నాలుగు ఊళ్ళు చూసినట్టే అనుకుంటున్నాం. ఆ పేర్ల పక్కనున్న గంటలు చదవం. రోజుకి పది గంటలు లాగ్ ఫైళ్ళలో టైమ్‌స్టాంపులు చదివే జాతి మనది, అయినా చదవం!

విక్టోరియా సంగతే చూడండి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడలు చాలావరకు చివర్లో కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, అదీ సాయంత్రం పొద్దుపోయాక. ఎందుకు? మనకి ఊరు చూపించాలని కాదు. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని తిప్పి మళ్ళీ అక్కడే దించాలంటే, మధ్యలో ఒక విదేశీ రేవుని తాకాలని 1886 నాటి అమెరికా చట్టం. 2021లో కోవిడ్ వల్ల కెనడా తన రేవులు మూసేస్తే, అమెరికా ఆ నిబంధనని తాత్కాలికంగా సడలించింది. ఓడలు విక్టోరియా మొహం చూడకుండానే తిరిగొచ్చాయి. అంటే మన అయిటినరరీలో ఒక 'ఊరు' నిజానికి చట్టం కోసం వేసిన సంతకం.

ఆ సంతకానికి ఖర్చు మాత్రం మనది. ఇండియన్ పాస్‌పోర్టున్న అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి (గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి అక్కర్లేదు). మా అమ్మకీ బాపుకీ అప్లికేషన్లు నింపి, వేలిముద్రలకి తిప్పి, పాస్‌పోర్టులు పోస్టులో పంపి, అవి తిరిగొచ్చేదాకా నాకు నిద్రలేదు. తీరా ఓడ విక్టోరియా చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఇద్దరూ గదిలో పడుకున్నారు. "ఇప్పుడేం పోతం బిడ్డా, సలి" అంది అమ్మ. ఉన్న మూడు గంటలూ అలా గడిచాయి.

కెచికన్‌లో మా ఓడ పొద్దున ఏడింటికి ఆగి మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరింది. కాగితం మీద ఆరు గంటలు. కదలడానికి అరగంట ముందే అందరూ ఓడలో ఉండాలి. అమ్మ స్నానం, టిఫిను, లిఫ్టుల దగ్గర క్యూ అయ్యి నేల మీద కాలు పెట్టేసరికి పది. అమెరికాలోనే బాగా వానలు పడే ఊళ్ళలో అదొకటి, కాబట్టి వాన సరేసరి. టోటెమ్ స్తంభాలు చూద్దామనుకున్నాం. గొడుగుల దుకాణం చూశాం :)

అసలు బాధ జూనోది.

మా బాపు పోచారం కాలువ మీద లష్కర్‌గా చేసి రిటైరయ్యాడు. తూము ఎన్ని అంగుళాలు లేపితే చివరి మడికి నీళ్ళెప్పుడు చేరతాయో ఆయనకి కాగితం అక్కర్లేదు. జూనోలో నేను ఒకే రోజు తిమింగలాల పడవా, మెండెన్‌హాల్ గ్లేసియరూ కలిపి బుక్ చేశాను. డబ్బు గిట్టుబాటు కావాలిగా మరి! గ్లేసియర్ దగ్గర మాకు దక్కింది ముప్పావు గంట. మిగతావాళ్ళు ఫొటోలు దిగుతుంటే బాపు మాత్రం ఆ బూడిద రంగు నీళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. "గీ నీళ్ళు పైన యాడ ఆగుతున్నయ్ రా?" అనడిగాడు. నేనేమన్నానో తెలుసా? "బాపూ, బస్సు పోతది, పా."

అక్కడ ఫారెస్ట్ సర్వీసు రేంజర్లుంటారు, చెప్పడమే వాళ్ళ పని. ఆయన ప్రశ్నని ఇంగ్లీషులో అడగడమే నేను చెయ్యాల్సింది. చెయ్యలేదు.

ఆ గ్లేసియర్ పక్కన సూసైడ్ బేసిన్ అని ఒక లోయ ఉంది. కరిగిన మంచూ వాననీళ్ళూ అందులో చేరితే మంచుగోడే ఆనకట్టలా ఆపుతుంది. నీళ్ళ బరువుకి అడుగున దారి పడిందంటే ఒక్కసారిగా నదిలోకి దూకుతాయి. 2011 నుంచీ జూనోకి ఈ వరదల బెడద. 2025 ఆగస్టు 13న మెండెన్‌హాల్ నది 16.65 అడుగులకి లేచి రికార్డు కొట్టింది. సరిగ్గా రెండు వారాలకి, ఆగస్టు 27న, కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. వందేళ్ళు దాటిన పోచారం డ్యాం మీంచి నీళ్ళు భయపెట్టేలా దూకాయి. ఆ రాత్రి ఫోన్లో బాపు గొంతు విన్నాక, ఏడాది కింద నేను బస్సెక్కించిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆ రోజు రేవులో దిగిన వేలమందిలో అడగాల్సింది అడిగిన మనిషిని తొందరపెట్టి లాక్కొచ్చాను.

"పిల్లలకి జారుడుబల్లలు కావాలి కదా, సియాటిల్‌కి టికెట్లు చవక కదా" అంటారు. నిజమే. పిల్లల కోసమే అయితే ఓడని చూసే కొనండి, తప్పేం లేదు. కానీ ఆ ఖర్చుని అమ్మానాన్నల పద్దులో రాయకండి. వాంకూవర్ నుంచి స్యువర్డ్‌కో విట్టియర్‌కో ఒకవైపు వెళ్ళే ఓడలున్నాయి. విమానాల గోల ఎక్కువే, కెనడా వీసా ఎలాగూ తప్పదు. కానీ వెనక్కి రావాల్సిన దూరం లేదు కాబట్టి సాధారణంగా రేవుల్లో పగటి గంటలు ఎక్కువ దొరుకుతాయి. ఆ వీసాకి ఒక అర్థముంటుంది.

మా తమ్ముడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. షీటులో మొదటి కాలమ్ పగటిపూట నేలమీద గడిపే గంటలు. రాత్రి ఆగే రేవుకి సున్నా వెయ్యండి. పెద్దవాళ్ళున్నారా, రెండు వైపులా ఓ గంటన్నర తీసెయ్యండి. ఓడ ఆగేది ఊళ్ళోనా, దూరంగానా చూడండి (కెచికన్‌కి వెళ్ళే కొన్ని ఓడలు ఊరికి ఏడు మైళ్ళ దూరాన వార్డ్ కోవ్‌లో ఆగుతాయి). ఆ రోజు ఇంకెన్ని ఓడలొస్తున్నాయో కూడా ముందే తెలుసుకోవచ్చు. జూనో 2024 నుంచి రోజుకి అయిదు పెద్ద ఓడలకే పరిమితం చేసుకుంది. పన్నెండొందల మంది ఉండే స్కాగ్వేలో మాత్రం కొన్ని రోజులు పదివేలమంది దిగుతారు.

గ్లేసియర్ పేరు చూసి కూడా మురిసిపోకండి. 2025 ఆగస్టు 10న ట్రేసీ ఆర్మ్‌లో కొండచరియ విరిగిపడి సునామీ లేచింది. తర్వాత క్రూజు కంపెనీలు పక్కనున్న ఎండికాట్ ఆర్మ్‌కి మారాయి. రాసుకున్న పేరు మారొచ్చు, కాబట్టి పేర్లకి డబ్బు కట్టకండి.

ఇక, ఒక రేవుకి ఒకే పని పెట్టుకోండి. మా ప్రయాణంలో అమ్మానాన్నా ఇప్పటికీ చెప్పుకునేది స్కాగ్వే రైలు గురించే. బంగారం రోజుల్లో వేసిన చిన్నగేజి లైను, ఇరవై మైళ్ళు కొండెక్కుతుంది. కూర్చుని కిటికీలోంచి చూడటమే, ఎవడూ తొందరపెట్టడు. అక్కడ నేను ఇంకేదీ బుక్ చెయ్యలేదు, టికెట్లు అయిపోయాయి కాబట్టి!

ఎల్లారెడ్డి చేరాక బాపుని అడిగాను, ఓడ ప్రయాణం నిజంగా ఎట్లుండె అని. "మంచిగనే ఉండె. గని నువ్వు గడియారం సూసుడే ఎక్కువ సూశిన" అన్నాడు.

తమ్ముడు షీటు మార్చాడో లేదో తెలీదు. మీరు టికెట్లు కొనేముందు మాత్రం ఒక్క ఫోను చెయ్యండి, "అక్కడ మీకేం చూడాలనుంది?" అని అడగండి. నేనైతే అడగలేదు.