పడిగె, బొమ్మల కథ, కృత్రిమ మేధ

భద్రాచలం అడవుల అంచున ఉన్న కోయ పల్లెల్లో గోత్రాల పుట్టుపూర్వోత్తరాలను వరుస బొమ్మలుగా గుడ్డపై చిత్రించిన పడిగెను ఎదుట నిలిపి, డోలు వాయిస్తూ ఆ కథలను పాడే సంప్రదాయం డోలీలది కాబట్టి, బొమ్మల వరుసతో కథ నడిపే కామిక్స్ ప్రక్రియ ఈ ప్రాంతానికి పరాయిది కాదు. సమ్మక్క సారలమ్మల గాథను కోయ, తెలుగు భాషల్లో గానం చేసిన మణుగూరు ప్రాంతపు డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు.

కృత్రిమ మేధను నిలదీసే బొమ్మల కథలకు ఈ సంచికను కేటాయించడానికి ఈ నేపథ్యమే కారణం. మాట చెబితే బొమ్మ గీసే ప్రోగ్రాములు, అంటే అసంఖ్యాక చిత్రాల నుంచి పోలికలు పట్టి కొత్తవి అల్లే యంత్రాలు, లయాన్-5బి వంటి సంకలనాలపై శిక్షణ పొందాయి. వెబ్ నుంచి ఏరిన సుమారు 585 కోట్ల చిత్రాల లంకెలనూ వాటి వివరణలనూ జతపరచిన ఆ సంకలనానికి గీసినవారి అనుమతి తీసుకోలేదు. పడిగెలోని కథ వ్యక్తిది కాక గోత్రానిది కనుక, అనుమతి ఇవ్వవలసింది ఎవరన్న ప్రశ్న ఇక్కడ మరింత జటిలమవుతుంది.

మరోవైపు, కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబరులో ప్రారంభించిన ఆదివాణి అనువాద సాధనం సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో మొదలైంది గాని, ఆ తొలి విడతలో కోయకు చోటు దక్కలేదు. అడగకుండా తీసుకోవడం, లెక్కలోకి తీసుకోకపోవడం అనే రెండు అన్యాయాలనూ ఒకే గడిలో చూపగలగడం బొమ్మల కథకున్న అరుదైన శక్తి, ఎందుకంటే అందులో బొమ్మ చెప్పినదాన్ని పక్కనున్న మాట ప్రశ్నించగలదు. ఈ సంచికలోని బొమ్మలన్నీ చేత్తో గీసినవే. పడిగె ఆకృతులను ఆయా గోత్రాల సమ్మతి లేకుండా ముద్రించరాదని సంపాదకవర్గం నిర్ణయించింది.