సూక్ష్మమైనదల్లా శ్రేష్ఠమేనా?

"నానో" అనే మాట మన మధ్యతరగతి ఇళ్లలోకి మొదట ఒక చిన్న కారు పేరుగా ప్రవేశించినది. 2009లో ఆ కారు రోడ్డు మీదికి వచ్చినప్పుడు నానో అంటే బుల్లిది అని పిల్లలు సైతం నేర్చుకున్నారు. కారు తయారీ 2018లో ఆగిపోయినది గాని మాట మాత్రం ఆగలేదు. నేడది నీటి ఫిల్టరు మీద, ముఖానికి రాసుకొనే క్రీము మీద, చివరకు మా ఆయుర్వేద ఔషధాల సీసాల మీద కూడా కనిపిస్తున్నది. "వైద్యులు గారూ, ఇది నానో స్వర్ణమట. మామూలు భస్మం కంటె మేలైనదేనా?" అని అడిగేవారు నా వద్దకు తరచుగా వస్తున్నారు. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో బదులు చెప్పడం న్యాయం కాదు. కావున ఈ విషయంలో నా అభిప్రాయాన్ని పాఠకుల ముందు కొంత వివరంగా ఉంచుతున్నాను.

నానో అనేది ఒక కొలత. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నుండి 1,00,000 నానోమీటర్లు. రక్తంలోని ఎర్రకణం వెడల్పు సుమారు 7,000 నానోమీటర్లు. సాధారణంగా 1 నుండి 100 నానోమీటర్ల లోపు పరిమాణం గల కణాలను నానోకణాలని వ్యవహరిస్తారు. అణువుల స్థాయిలో పదార్థాన్ని అమర్చుకొనే అవకాశం ఉన్నదని అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1959 డిసెంబరులో ఒక ఉపన్యాసంలో సూచించారు. "నానోటెక్నాలజీ" అనే పేరును 1974లో జపాను శాస్త్రవేత్త నోరియో తనిగుచి ప్రయోగించారు.

ఇంత చిన్నదైతే ఏమి విశేషం? దీనికి సమాధానం మన వంటింట్లోనే ఉన్నది. చారులో మిరియాలు గింజలుగా వేస్తే ఒక ఘాటు, దంచి వేస్తే వేరొక ఘాటు. నూరిన కొద్దీ ఔషధానికి గుణం పెరుగుతుందని గురుకులంలో మా గురువులు కల్వం ముందు కూర్చుండబెట్టి నేర్పినదీ ఇదే. మూడు వైపులా ఒక్కొక్క సెంటీమీటరు ఉన్న ఘనపు ముక్కను తీసుకొనండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే ఒక్కొక్క నానోమీటరు ముక్కలుగా కోసినట్లు ఊహించండి. అన్ని ముక్కల ఉపరితలం కలిపితే 6,000 చదరపు మీటర్లు, అనగా సుమారు ఎకరంన్నర నేల! బరువు వీసమెత్తు పెరగలేదు. ఇతర పదార్థాలను తాకే పైభాగం మాత్రం కోటి రెట్లయినది.

అంతటితో ఆగదు. పదార్థపు స్వభావమే మారుతుంది. పచ్చని బంగారం అతి సూక్ష్మకణాలుగా నీటిలో నిలిచినప్పుడు కెంపు రంగులో కనిపిస్తుందని మైకేల్ ఫారడే 1857లోనే ప్రకటించారు. నగగా ఉన్నప్పుడు దేనితోనూ కలవని బంగారం, కొద్ది నానోమీటర్ల కణమైనప్పుడు రసాయన చర్యలను వేగిరపరుస్తుంది. కావున "పెద్దగా ఉన్నప్పుడు హాని చేయదు కదా, చిన్నదైతే మాత్రం ఏమి చేస్తుంది?" అనే తర్కం ఇక్కడ చెల్లదు. గుణం పెరిగే చోట దోషం కూడా పెరగవచ్చును. నేను చెప్పదలచిన దానికంతటికీ ఇదే మూలం.

ముందుగా మేలు చెప్పుకొందాము. 2021లో కరోనా వెన్నంటి బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఒక ఇంజెక్షను కోసం ఎన్నో కుటుంబాలు ఊరూరా పరుగులు తీసిన సంగతి పాఠకులు మరచి ఉండరు. అది లైపోసోమల్ ఆంఫోటెరిసిన్. ఆంఫోటెరిసిన్ చాలా పాత మందు. శిలీంధ్రాన్ని చంపుతుంది గాని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దానినే అతి సూక్ష్మమైన కొవ్వు బుడగలలో ఇమిడ్చి ఇచ్చినప్పుడు మూత్రపిండాలకు కలిగే హాని తగ్గినది. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సరు మందును ఇదే విధంగా బుడగలలో ఉంచి ఇవ్వడానికి అమెరికా 1995లో అనుమతించినది. గుండెకు ఆ మందు చేసే చెరుపు ఈ రూపంలో తక్కువ. రక్తహీనత గల గర్భిణులకు ఆసుపత్రులలో ఎక్కించే ఐరన్ సుక్రోజ్ కూడా చక్కెర తొడుగు గల ఇనుప నానోకణాలే. అమెరికాలో ఉన్న మన పిల్లలలో చాలమంది 2021లో వేయించుకొన్న ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాలు సైతం కొవ్వు నానోకణాలలో పొదిగినవే. ఇవి మాటల గారడీలు కావు. పరీక్షలకు నిలిచి, మోతాదు నిర్ణయమై, వైద్యుని చేతి మీదుగా వచ్చిన ఔషధాలు. ఆయుర్వేద వైద్యుడనైనంత మాత్రాన వీటిని కాదనడం నాకు ధర్మం కాదు.

ఇక ప్రజలలో ఉన్న భయాల సంగతి. అందులో కొన్ని ఊహలు, కొన్ని యథార్థాలు. తమను తామే పుట్టించుకొనే సూక్ష్మయంత్రాలు లోకాన్ని మింగివేస్తాయనే భయం 1986లో ఎరిక్ డ్రెక్స్‌లర్ రచించిన గ్రంథంతో వ్యాపించినది. దానిని తలచుకొని నిద్ర మానుకోనక్కరలేదు. కాని శ్వాస ద్వారా లోనికి పోయే కణాల విషయం వేరు. పెద్ద ధూళిని మన ముక్కు, గొంతు అడ్డగిస్తాయి. సూక్ష్మధూళి ఊపిరితిత్తుల లోతులకు పోతుంది. కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన మన తల్లులకు పట్టిన ఆయాసమే ఇందుకు నిదర్శనం. ఆ పొగలోనూ నానోకణాలు ఉన్నవి. పొడవైన కొన్ని కర్బన నానోగొట్టాలు ఎలుకల దేహంలో ఆస్‌బెస్టాస్ నారల వంటి వాపును కలిగించినట్లు 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు వెల్లడించారు. విడిగా ఉండే నానోకణాలను కొత్త రసాయనాలుగానే భావించి పరీక్షించవలెనని బ్రిటను రాయల్ సొసైటీ 2004లోనే సిఫారసు చేసినది.

తినే పదార్థాల విషయమూ చూడండి. మిఠాయిలకు, చూయింగ్ గమ్ములకు తెల్లదనం కోసం కలిపే టైటానియం డయాక్సైడులో కొంత భాగం నానోకణాలు. అది జన్యువులకు హాని చేయదని నమ్మకంగా చెప్పలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో తేల్చినది. 2022లో ఐరోపా సమాఖ్య దానిని ఆహారం నుండి తొలగించినది. ఇతర దేశాలన్నీ ఆ మార్గం పట్టలేదు, నిపుణులందరూ ఏకీభవించనూ లేదు. నిపుణులు వాదించుకొంటున్న పదార్థాన్ని కేవలం తెల్లదనం కోసం పసిపిల్లల చేత తినిపించవలసిన అగత్యమేమి? ఇది నా ప్రశ్న.

ఇందుకు విరుద్ధమైన ఉదంతం ఒకటి కలదు. 2006లో జర్మనీలో "మేజిక్ నానో" అనే స్నానాలగది స్ప్రేను వాడిన సుమారు వందమంది దగ్గు, ఆయాసంతో బాధపడ్డారు. నానోకణాల వల్లనే ఈ ముప్పు అని అందరూ బెదిరారు. తీరా పరీక్షించగా ఆ డబ్బాలో నానోకణాలే లేవు! పేరు చూచి కొన్నారు, పేరు చూచి భయపడ్డారు. లోపల ఏమున్నదో ఎవరికీ తెలియదు. నా దృష్టిలో ఈ విషయమంతటిలోనూ అసలు ప్రమాదం ఇదే.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. "మన భస్మాలే ప్రాచీన నానో ఔషధాలు, మన ఋషులు నానో శాస్త్రజ్ఞులు" అని ఇటీవల సభలలోనూ ప్రకటనలలోనూ ఘనంగా చెబుతున్నారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచినప్పుడు కొన్ని భస్మాలలో 100 నానోమీటర్ల లోపు కణాలు కనిపించిన మాట నిజమే. వాటితోపాటు అంతకంటె ఎంతో పెద్దవైన ముద్దలూ కనిపించినవి. మన దక్షిణ దేశపు ఉక్కుతో చేసేవారని ప్రసిద్ధి గన్న డమాస్కస్ కత్తి ఒకదానిలో కర్బన నానోగొట్టాలు ఉన్నట్లు 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకప్పుడు అటువంటి ఉక్కుకు పేరుపొందిన గ్రామం. అక్కడి కమ్మరికి నానోగొట్టం తెలియదు. మూస తెలుసు, నిప్పు తెలుసు, ఎంతసేపు కాచవలెనో తెలుసు. తెలియనిదాన్ని ఆయనకు అంటగట్టనంత మాత్రాన ఆయన ఘనత తగ్గదు. రసవైద్యుల విషయమూ అంతే.

మా శాస్త్రంలో భస్మానికి పరీక్షలున్నవి. వేలిగీతలలో ఇమిడితే రేఖాపూర్ణం. నీటిపై తేలితే వారితరం. మెరుపు పోతే నిశ్చంద్రం. బెల్లం, గురిగింజ, వెలిగారం, తేనె, నేయి కలిపి కాల్చినా తిరిగి లోహం కాకపోతే అపునర్భవం. ఇవి గొప్ప పరీక్షలు. కాని వేలిగీతల నడుమ ఎడం నానోమీటర్లలో కొలిచేది కాదు, అంతకు వేలరెట్లు పెద్దది. అందులో ఇమిడినంత మాత్రాన పొడి నానో కానక్కరలేదు. నీటిపై తేలడం మెత్తదనాన్ని చెబుతుందే గాని మూత్రపిండాల సంగతి చెప్పదు. అందుచేతనే మా పెద్దలు ఈ పరీక్షలతో సరిపెట్టుకొనక శోధనం, మారణం, మాత్ర, అనుపానం, పథ్యం, రోగి బలం అన్నీ చూచి గాని భస్మాన్ని ఇవ్వలేదు. గురుకులంలో మా చేతికి కల్వం వచ్చిన చాలా కాలానికి గాని భస్మపు సీసా రాలేదు.

ఇక్కడ నా తోటి వైద్యులకు, ఔషధ తయారీదారులకు ఒక మాట మనవి చేయక తప్పదు. "నానో గనుక శరీరంలోని ప్రతి కణానికీ చేరుతుంది" అని ప్రకటనలో చెబుతున్నాము. లోహం పేరుకుపోదా అని ఎవరైనా అడిగితే "అది కరగదు, నిలవదు, వచ్చిన దారినే పోతుంది" అంటున్నాము. ఈ రెండు మాటలూ ఒక్క నోట పొసగవు. కణకణానికీ చేరే పదార్థమైతే అక్కడ ఏమి చేస్తున్నదో, ఎప్పుడు వెడలుతున్నదో చూపవలసిన బాధ్యత మనది. నానో అనే గౌరవం కావలెనంటే నానో ఔషధానికి పెట్టే పరీక్షలన్నీ కావలెననాలి. గౌరవం మనకు, పరీక్ష ఇతరులకు అనడం శాస్త్రం కాదు.

అమెరికాలో అమ్ముతున్న ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా పాషాణం ఉన్నట్లు 2004లోనూ, మరల 2008లోనూ అక్కడి వైద్యపత్రికలో వచ్చినది. అప్పుడు మాలో అనేకులు ఆగ్రహించారు. పాదరసం గంధకంతో కలిసినప్పుడు పచ్చి పాదరసం కాదన్న వాదంలో నిజమున్నది. కాని ఆ వాదాన్ని కోపంతో నిరూపించలేము. తయారైన ప్రతి విడతకూ కణాల పరిమాణం, లోహపు పాలు, అది ఏ రూపంలో ఉన్నది, దీర్ఘకాలం వాడినవారి రక్తం, మూత్రపిండాలు ఎట్లున్నవి అనే లెక్కలతోనే నిరూపించవలెను. ఐరోపాలో సౌందర్య సాధనాలలో నానోకణాలుంటే ఆ పదార్థం పేరు పక్కన "నానో" అని ముద్రించడం 2013 నుండి తప్పనిసరి. అక్కడ ఆ మాట కొనేవానికి చెప్పే సమాచారం. మన దగ్గర అది అమ్మేవాని అలంకారంగా మారినది. ప్రభుత్వం ఈ తేడాను గుర్తించవలెను.

ఇక గృహస్థులకు నా సలహాలు. వైద్యుడు అవసరమని వ్రాసిన నానో ఔషధాన్ని పేరు చూచి భయపడి మానవద్దు. నానో అని వ్రాసినందువల్లనే ఏ వస్తువునూ కొనవద్దు. స్ప్రేల విషయంలో క్రీముల కంటె ఎక్కువ జాగ్రత్త అవసరం. తలుపులు మూసిన గదిలో చల్లవద్దు. బలానికని కొలాయిడల్ వెండి ద్రవాలను త్రాగవద్దు. దీర్ఘకాలం త్రాగినవారి చర్మం నీలిబూడిద రంగుకు మారవచ్చును, అది తిరిగి మామూలు కావడం అరుదు. పాదరసం, ఇంగిలీకం, తాళకం వంటివి కలిసిన ఔషధాలను వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని లేబులు మీద హెచ్చరిక ఉండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. దానిని చదివి గాని మూత తీయవద్దు. గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు గలవారికి అంగట్లో కొన్న భస్మాలను స్వయంగా ఇవ్వరాదు. పుష్య నక్షత్రం నాడు పిల్లలకు స్వర్ణప్రాశనం చేయించే తల్లులు ఆ భస్మం ఎవరు తయారుచేశారు, పరీక్షా పత్రం ఉన్నదా, మోతాదెంత అని అడగవలెను. అడిగినందుకు చిన్నబుచ్చుకొనే వైద్యుని వద్ద పిల్లవాని నోరు తెరిపించవద్దు.

చిన్నదనం ఒక శక్తి. కత్తికి పదును ఎటువంటిదో ఔషధానికి సూక్ష్మత్వం అటువంటిది. పదును పెరిగిన కొద్దీ పట్టుకొనే చేయి మరింత జాగ్రత్తగా ఉండవలెను. ఆ చేయి పాత శాస్త్రం చదివినదైనా, కొత్త శాస్త్రం చదివినదైనా, "లోపల ఏమున్నది, ఎంత ఉన్నది, ఎవరు పరీక్షించారు?" అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పి తీరవలెను. అడిగే హక్కు మందు మింగేవారిది.