యాకోబు సాక్ష్యం

యేసు అనే మనిషే పుట్టలేదని ఒకరు, ఆయన పునరుత్థానం చరిత్రలో ఎప్పుడో రుజువైపోయిందని ఇంకొకరు. మన యూట్యూబ్ చర్చల్లో ఈ రెండు మాటలే గట్టిగా వినిపిస్తాయి. రెండూ నిలవవు. ఎందుకో చెప్పడానికి సువార్తల దాకా వెళ్లక్కర్లేదు. వాటికంటే ముందు రాసిన ఒక ఉత్తరం చాలు.

గలతీయ సంఘాలకు పౌలు రాసిన లేఖ అది. సిలువ ఘటన జరిగిన ఇరవై, పాతికేళ్లకు రాసింది. అది పౌలు రాతేనని క్రైస్తవ విశ్వాసం లేని పండితులు సైతం దాదాపు అందరూ ఒప్పుకుంటారు. తాను యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర 15 రోజులున్నాననీ, యేసు సహోదరుడు యాకోబును చూశాననీ అందులో ఉంది. యేసు ఉన్నాడని నిరూపించడానికి పౌలు ఈ మాట అనలేదు. తన బోధ ఆ పెద్దల దగ్గర నేర్చుకున్నది కాదని వాదిస్తూ, వాళ్లతో తన పరిచయం ఎంత కొద్దిదో చెప్పుకోవడానికి అన్నాడు. తర్వాత అంతియొకయలో పేతురును ముఖం మీదే తప్పుపట్టాననీ, యాకోబు దగ్గర నుంచి మనుషులు రావడంతోనే ఆ తగవు మొదలైందనీ రాశాడు. దేవుణ్ణి కల్పించుకునేవాళ్లు ఆ దేవుడి తోబుట్టువుతో తగవులు రాసుకోరు. కథోలికులు యాకోబును దగ్గరి బంధువే అంటారు. అలా అనుకున్నా ఈ సాక్ష్యానికి లోటు రాదు.

సంఘంతో సంబంధం లేని యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా ఈ యాకోబును ఎరుగును. క్రీ.శ. 62లో రోమన్ గవర్నరు ఫేస్తు చనిపోయి, కొత్తవాడు ఇంకా రాకముందు, ప్రధాన యాజకుడు అననస్ సభ కూర్చి యాకోబును రాళ్లతో కొట్టించాడని, దాంతో పదవి పోగొట్టుకున్నాడని రాశాడు. చనిపోయింది ఎవరంటే, క్రీస్తు అని పిలిచే యేసు సహోదరుడు అన్నాడు. అప్పటికి జోసెఫస్‌ది పాతికేళ్ల వయసు. పుట్టింది యెరూషలేము యాజక కుటుంబంలో.

జోసెఫస్ ఈ సంగతి రాసిన గ్రంథంలోనే యేసే మెస్సీయ అని, మూడో రోజున లేచాడని చెప్పే పేరా ఒకటుంది. చాలామంది బోధకులు ముందుగా దాన్నే చూపిస్తారు. దయచేసి చూపించకండి. జోసెఫస్ యేసును క్రీస్తుగా నమ్మలేదని 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెనే రాశాడు. పేరాలోని ఆ మాటలు తర్వాత క్రైస్తవుల చేతిలో చేరినవి. చేర్చినవాడు విశ్వాసానికి మేలు చేశాననుకుని ఉంటాడు. కానీ అతని వల్లే జోసెఫస్ నిజంగా రాసిన వాక్యాన్ని కూడా జనం అనుమానంగా చూస్తున్నారు.

యేసు జీవించాడు, పొంతి పిలాతు హయాంలో సిలువ మీద చనిపోయాడు. ఆయన లేచాడని తొలి శిష్యులు గట్టిగా నమ్మారు. ఇంతవరకు చరిత్ర చెబుతుంది. లేచాడా లేదా అన్నది చరిత్రకారుడి పనిముట్లకు అందదు. వాదానికి దిగే ముందు ఇరుపక్షాలవారూ గలతీయుల పత్రిక మొదటి రెండు అధ్యాయాలు చదవండి. పది నిమిషాల పని.