షూస్ సరే, గేటు సంగతేంటి?

ముందే చెప్పేస్తున్నా, నేను కోచ్‌ని కాదు. సీఎస్‌ఈ సెకండియర్ అమ్మాయిని. ఏడాదిగా మన కాలేజీ వెనక గుట్ట మీద పరిగెత్తుతున్నాను, అంతే. అది చూసి వారానికి ఒకరైనా అడుగుతారు, "ట్రైల్ రన్నింగ్ మొదలుపెట్టాలంటే ఏం కొనాలి?" అని. గమనించారా, "ఎలా పరిగెత్తాలి?" అని కాదు, "ఎక్కడ పరిగెత్తాలి?" అని కూడా కాదు. "ఏం కొనాలి?" అనే. హలో వరల్డ్ ప్రోగ్రాం రాయకముందే రంగురంగుల లైట్ల గేమింగ్ కీబోర్డు కొనే బ్యాచ్ కదా మనది!

అసలు ట్రైల్ అనే మాట వింటేనే మనకి మంచు కొండలు, ఒంటికి అతుక్కున్న జాకెట్లు, చేతిలో కర్రలు గుర్తొస్తాయి. అలాంటి పందేలు ఉన్నాయి, కాదనను. మోం బ్లాం పర్వతం చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సుమారు 170 కిలోమీటర్లు పరిగెత్తే యూటీఎంబీ 2003 నుంచి జరుగుతోంది. కానీ ట్రైల్ అంటే మన భాషలో కాలిబాటే. మేకలు, మనుషులు నడిచి నడిచి పడిన దారి. గుట్ట దగ్గర మేకలు కాసే తాతని నేను "ఈ ట్రైల్ ఎటు వెళ్తుంది తాతా?" అని అడిగితే ఆయనకి అర్థం కాలేదు. "బాట" అన్నాక నవ్వి, "గా దిక్కు పోకు బిడ్డా, పల్లేరుకాయలుంటయ్" అన్నాడు. నేను ఎన్నో రివ్యూ వీడియోలు చూశాను. పల్లేరుకాయ గురించి ఒక్కడూ చెప్పలేదు.

నా మొదటి పాయింట్ అదే. గేర్ సలహాల్లో చాలా వరకు మన నేల కోసం చెప్పినవి కావు. ట్రైల్ షూ అడుగున ఉండే రబ్బరు పళ్లని లగ్స్ అంటారు. "5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే కొనకండి" అని ఎవరో అనగానే మనం రాసేసుకుంటాం. అంత లోతు లగ్స్ మెత్తటి బురదకి, తడిగడ్డికి. మన గుట్టల మీద ఉండేది గ్రానైట్ బండ, దాని మీద గోళీల్లాంటి గులకరాళ్లు. బండ మీద పొడుగు పళ్ల కంటే పట్టు ఉన్న మెత్తటి రబ్బరే నయం. 3, 4 మిల్లీమీటర్ల లగ్స్ చాలు. ఇక వానాకాలంలో నల్లరేగడి చేలోకి దిగారంటే ఏ కంపెనీ షూ అయినా ఒకటే, కాలికో కిలో మట్టి అతుక్కుంటుంది. ఆ రోజు చేనుగట్టు దిగకుండా వెనక్కి రావడమే తెలివి.

అయితే షూస్ అక్కర్లేదా? ఇక్కడ చాలామంది ఒక ఉదాహరణ తెస్తారు. మెక్సికోలో రరామురి అనే ఆదివాసీ తెగకి చెందిన మరియా లోరెనా రామిరెజ్ 2017లో 50 కిలోమీటర్ల కొండ పందెంలో మహిళల విభాగంలో గెలిచింది. వేసుకున్నది పొడుగు గౌను, రబ్బరు చెప్పులు. నాకూ ఆ ఫొటో అంటే చాలా ఇష్టం. కానీ ఆమె కాళ్లు చిన్నప్పటి నుంచి ఆ కొండల్లో తిరిగి రాటుదేలినవి. మన కాళ్లు స్కూలు బూట్లలో, స్కూటీ మీద పెరిగినవి. ఆమెని చూసి చెప్పులతో గుట్ట దిగితే మర్నాడు ల్యాబ్‌కి కుంటుకుంటూ రావాలి.

కాబట్టి నా లిస్టు చిన్నది. మొదటి నెల మీ దగ్గరున్న మామూలు రన్నింగ్ షూస్ చాలు, అడుగు పూర్తిగా అరిగిపోకుండా ఉంటే. నెల తర్వాత కూడా పొద్దున్నే లేవాలనిపిస్తే అప్పుడు ట్రైల్ షూస్ కొనండి. సాయంత్రం పూట వెళ్లి కొనండి, రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులతోనే వేసి చూడండి. బొటనవేలి ముందు ఒక వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. మడమ మాత్రం లోపల కదలకూడదు. సాక్సులు కాటన్‌వి వద్దు, చెమట పీల్చి తడిగానే ఉండి బొబ్బలు తెస్తాయి. అర లీటరు నీళ్లు, ఛార్జింగ్ ఉన్న ఫోన్, ఒక విజిల్. గంట దాటి వెళ్తే నీళ్లు లీటరు చేసి, అందులో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. అయిపోయింది! వాచీ, వెస్టు, కర్రలు అన్నీ తర్వాత.

దుకాణంలో దొరకని గేర్ కూడా ఒకటుంది. గుట్ట ఎక్కేటప్పుడు నడవడానికి సిగ్గుపడకపోవడం. నిటారు ఎక్కుడు వస్తే పెద్ద పెద్ద రన్నర్లు కూడా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నడుస్తారు. పక్కనున్న వాళ్లతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. దిగేటప్పుడు చిన్న అడుగులు, చూపు మూడు నాలుగు అడుగుల ముందు. ఎంత టైం పడుతుందో తెలియకపోతే మన బ్యాచ్‌కి నచ్చే ఫార్ములా ఒకటుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు, నడకకి 5 కిలోమీటర్లకు గంట, పైగా 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అంటే 150 మీటర్ల ఎత్తు ఎక్కే 6 కిలోమీటర్ల దారి నడిచినా సుమారు గంటన్నరలో అయిపోతుంది. ఫస్ట్ అవర్ క్లాసు మిస్ అవ్వదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ గంటన్నర ఎప్పుడు దొరుకుతుంది? బాయ్స్ హాస్టల్ గేటు ఐదింటికి తీస్తారు. మాది ఆరున్నరకి. డిసెంబర్‌లో పర్వాలేదు. ఏప్రిల్‌లో ఎనిమిదికల్లా బండలు కాలడం మొదలవుతుంది. అబ్బాయిలు గుట్ట దిగి టీ తాగుతున్న టైంకి మేము ఎక్కడం మొదలుపెడతాం. మా ఫ్లోర్‌లో షూస్ కొనుక్కుని రెండు వారాల్లో మానేసిన వాళ్లు ముగ్గురున్నారు. బద్ధకం అనకండి. ఎండ.

"మీ సేఫ్టీ కోసమే" అంటారు. సేఫ్టీ అంటే నాకూ భయం ఉంది. గుట్ట మీద పాములుంటాయి, కాలు మడత పడొచ్చు, కుక్కలు తరుముతాయి, మనుషుల సంగతి చెప్పక్కర్లేదు. కానీ వీటిలో దేనికీ తాళం మందు కాదు. పాము కరిస్తే కోయకుండా, పీల్చకుండా, కదలకుండా కూర్చుని 108కి ఫోన్ చేయాలని తెలియడం సేఫ్టీ. ఒక్కరే వెళ్లకపోవడం సేఫ్టీ. ఏ బాటలో వెళ్లి ఎన్నింటికి వస్తారో ఎవరికో ఒకరికి తెలిసి ఉండడం సేఫ్టీ.

నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. చదివింది ప్రభుత్వ గురుకులంలో, కొండ ఎక్కడం నేర్చుకుంది భువనగిరి బండ మీద. ఆ గురుకులం "ఆడపిల్ల కదా, లోపలే ఉండు" అనలేదు. శిక్షణ ఇప్పించింది, పెద్దవాళ్లని తోడు పంపింది, పద్ధతిగా పైకి పంపింది. అక్కడ పదమూడేళ్ల పిల్లని ఎవరెస్ట్‌కి పంపగలిగారు. ఇక్కడ పంతొమ్మిదేళ్ల వాళ్లని కాలేజీ వెనక గుట్టకి పంపలేమా?

నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. వారంలో మూడు రోజులు, ఐదున్నరకి గేటు. కనీసం నలుగురు కలిసి వెళ్లాలి. రిజిస్టర్లో పేర్లు, బాట, తిరిగొచ్చే టైం రాయాలి. పీఈటీ మేడం ఒప్పుకుంటే ఆవిడ కూడా వస్తారు, అడిగాను, "పర్మిషన్ తెండి, వస్తాను" అన్నారు. వార్డెన్ మేడంకి ఇవ్వబోయే లెటర్ మా బ్లాక్ నోటీసు బోర్డు దగ్గర ఉంది, ఇప్పటికి ఇరవై రెండు సంతకాలు. అబ్బాయిలూ పెట్టొచ్చు. ఈసారి "ఏం కొనాలి?" అని నన్ను అడగాలనుకునే వాళ్లు ముందు ఒక పెన్ను తెచ్చుకోండి, అక్కడ దారంతో కట్టిన పెన్ను ఎవరో పట్టుకెళ్లిపోయారు.