ముడతలకు మొదటి మందు నీడే

ఉక్కునగరం జంషెడ్‌పూర్‌లో ఎండలో పనిచేసేవారి ముఖాన ముడతలు త్వరగా కనిపిస్తే వయసును నిందిస్తాం. అసలు నేరం చాలావరకు ఎండదే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయి. పొగతాగితే నష్టం మరింత ఎక్కువ. మన చర్మంలోని మెలనిన్ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు.

ఆస్ట్రేలియాలో నాలుగున్నరేళ్లు సాగిన అధ్యయనంలో, ఇష్టమైనప్పుడు మాత్రమే సన్‌స్క్రీన్ రాసుకున్నవారికన్నా రోజూ రాసుకున్నవారిలో చర్మం ముదరడం 24 శాతం తక్కువని 2013లో తేలింది.

అయితే కూలీకి క్రీముకన్నా ముందు కావలసినవి వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా, మధ్యాహ్నం నీడ. ఇది అందం సంగతి కాదు. ఈ కిరణాలే చర్మ క్యాన్సర్‌కు, కంటి శుక్లాలకు దారితీస్తాయి. హెల్మెట్, బూట్లలాగే ఎండ నుంచి రక్షణ కూడా పనిచేయించేవారి బాధ్యత కావాలి.