హైబ్రిడ్ థియరీ మీద మూడు అభియోగాలు

రాక్ సంగీతం గురించి సాధికారంగా మాట్లాడేవాళ్ళలో కొన్ని పేర్లు వినగానే ముఖం చిట్లించడం ఒక మర్యాదగా స్థిరపడిపోయింది. ఆ పేర్లలో లింకిన్ పార్క్ ఒకటి. వాళ్ళ తొలి ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' 2000 అక్టోబరు 24న వెలువడింది. మరుసటి ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన ఆల్బమ్ అదే. 2005లో అక్కడ కోటి ప్రతుల గుర్తింపు, 2020లో కోటీ ఇరవై లక్షల గుర్తింపు దానికి దక్కాయి. ఇంతమంది కొన్నారు కనుక గొప్పదని నేననను. అమ్మకాలు విలువకు సాక్ష్యం కావు. అయితే విలువ లేదనడానికి కూడా అవి సాక్ష్యం కావన్న చిన్న సంగతి విమర్శకులకు ఎందుకో తట్టదు. పదిమందికీ నచ్చినదాన్ని నిరసించడమే అభిరుచికి గుర్తనుకునే జబ్బు సాహిత్యంలోనే కాదు, సంగీతంలోనూ ఉంది.

ఈ ఆల్బమ్ మీద తరచు వినిపించే అభియోగాలు మూడు. ఒకటి, ఇది బజారు కోసం వండిన మిశ్రమం. రెండు, రాక్‌ను, రాప్‌ను కలపడం అంతకుముందే ఇతరులు చేసేశారు, వీళ్ళు అతుకులు వేశారంతే. మూడు, ఇందులో ఉన్నది కారణం లేని కుర్రకారు ఏడుపు. మూడింటినీ వరసగా చూద్దాం.

బజారు సంగతి ముందు. కంపెనీవాళ్ళు లెక్కలు వేసుకుని ఆరుగురు కుర్రాళ్ళను పోగుచేసి నిలబెట్టారన్న ప్రచారం అప్పట్లో గట్టిగానే సాగింది. వాస్తవం దీనికి దాదాపు తలకిందులు. మైక్ షినోడా, బ్రాడ్ డెల్సన్ బడినాటి స్నేహితులు. జో హాన్‌తో షినోడాకు పరిచయమైంది పాసడీనాలోని ఆర్ట్ సెంటర్ కళాశాలలో, చిత్రకళ చదువుకునేటప్పుడు. 1996లో 'జీరో' అనే పేరుతో మొదలైన ఈ బృందాన్ని సంగీత సంస్థలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి చెస్టర్ బెన్నింగ్టన్ వచ్చి చేరిన తర్వాత కూడా తిరస్కారాలు ఆగలేదు. చివరికి వార్నర్ బ్రదర్స్ వాళ్ళు తీసుకున్నారు. తీసుకున్నాక ఏం చేశారు? షినోడా తర్వాతి రోజుల్లో పలుమార్లు చెప్పిన ప్రకారం, రాప్ తగ్గించమనీ, అతన్ని పక్కకు జరపమనీ ఒత్తిడి తెచ్చారు. బెన్నింగ్టన్‌తో సహా ఎవరూ అందుకు ఒప్పుకోలేదు. అంటే ఏ మిశ్రమాన్ని బజారు ఎత్తుగడ అంటున్నారో, సరిగ్గా ఆ మిశ్రమానికే బజారు తెలిసినవాళ్ళు భయపడ్డారు. తమ బృందానికి పెట్టుకున్న 'హైబ్రిడ్ థియరీ' అన్న పేరు వేరొక బృందం పేరుకు దగ్గరగా ఉండటంతో వదులుకోవలసి వస్తే, దాన్నే ఆల్బమ్ పేరుగా నిలుపుకున్నారు. కలపడమే తమ సిద్ధాంతమని అట్ట మీద రాసుకున్నవాళ్ళను కలిపారని నిందించడం వింత.

"మరీ శుభ్రంగా ఉంది, అంతా కొలిచి పోసినట్టుంది" అన్నది ఇదే అభియోగానికి తోక. కొలిచి పోశారు, నిజమే. పన్నెండు పాటలు, ముప్ఫై ఎనిమిది నిమిషాలకు కొంచెం లోపు. ఎక్కడా సుదీర్ఘమైన గిటారు విన్యాసం లేదు. అప్పటి ఈ తరహా సంగీతంలో కామాలూ ఫుల్‌స్టాపులూ లాగా వాడబడిన బూతు ఒక్కటీ లేదు. 'పాయింట్స్ ఆఫ్ అథారిటీ' పాట పుట్టుక చూడండి. డెల్సన్ వాయించిన గిటారు వరసను షినోడా కంప్యూటర్ మీద ముక్కలుగా కోసి, తారుమారు చేసి పేర్చాడు. ఆ తర్వాత డెల్సన్ తన వరసను తానే కంప్యూటర్‌లో విని మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. రాక్ వాద్యకారుడు వేళ్ళతో ఆలోచిస్తాడు, రాప్ సంగీతకారుడు కత్తెరతో ఆలోచిస్తాడు. ఈ రెండో ఆలోచన మొదటిదాన్ని లోపలినుంచి మార్చేయడం ఇక్కడ జరిగింది. పద్యం రాసేవాడు గణాలు లెక్కపెట్టుకుంటే శిల్పం అంటాం. పాట కట్టేవాడు క్షణాలు లెక్కపెట్టుకుంటే వ్యాపారం అంటాం. ఈ రెండు నీతులు దేనికి?

ఇక రెండో అభియోగం. ఈ కలయిక కొత్తది కాదన్నమాట ఒప్పుకోవలసిందే. 1986లో రన్ డీఎంసీ, ఏరోస్మిత్ కలిసి 'వాక్ దిస్ వే' చేశారు. 1991లో పబ్లిక్ ఎనిమీ, ఆంత్రాక్స్ కలిసి 'బ్రింగ్ ద నాయిజ్' చేశారు. 1992లో రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ తమ పేరుతోనే తొలి ఆల్బమ్ తెచ్చారు. ఆసక్తికరమైన విషయం, 'వాక్ దిస్ వే' మీద పనిచేసిన ఆండీ వాలెస్ అనే నిపుణుడే రేజ్ వాళ్ళ ఆల్బమ్‌కూ, 'హైబ్రిడ్ థియరీ'కీ తుది ధ్వని మిశ్రమం చేశాడు. కాబట్టి వంశవృక్షం స్పష్టమే. అడగవలసిన ప్రశ్న వేరు. ఈ వంశంలో వీళ్ళు చేర్చినదేమిటి?

'వాక్ దిస్ వే'లో రెండు బృందాలు ఒకరింటికి ఒకరు అతిథులుగా వెళ్ళాయి. ఆ పాట దృశ్యంలోనైతే మధ్యన గోడ ఉంటుంది, దాన్ని పగలగొడతారు. రేజ్ వాళ్ళ దగ్గర ఒకే మనిషి, జాక్ డె లా రోచా, ఉపన్యసిస్తాడు, గర్జిస్తాడు. 'హైబ్రిడ్ థియరీ'లో గొంతులు రెండు, కాని మనసు ఒకటే. షినోడా రాప్ వివరించే గొంతు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, నేనెక్కడ తప్పటడుగు వేశాను అని వరసపెట్టి లెక్క చెప్పుకుంటూ పోతుంది. రాప్‌కు ఆ శక్తి సహజం. కొద్ది కాలంలో ఎక్కువ మాటలు పట్టే ప్రక్రియ అది. బెన్నింగ్టన్ గొంతు ఆ లెక్క తెగనిచోట అందుకుంటుంది. అక్కడ మాటలు తగ్గిపోతాయి, అచ్చులు సాగుతాయి, చివరికి రాగం కూడా చిరిగి కేక అవుతుంది. ఒకటి మాటలున్నంతసేపు నడిచే గొంతు, మరొకటి మాటలు అయిపోయాక మిగిలే గొంతు. బాధపడే ప్రతి మనిషి లోపలా ఈ ఇద్దరూ ఉంటారు. ఒకడు కారణాలు చెబుతూంటాడు, రెండోవాడికి కారణాలతో పని లేదు.

ఈ విభజన ఆల్బమ్ మొదటి పాట 'పేపర్‌కట్'లోనే కనిపిస్తుంది. తనను ఎవరో గమనిస్తున్నారన్న అనుమానాన్ని షినోడా హడావిడిగా, ఊపిరి సలపనివ్వకుండా చెప్పుకుపోతాడు. పాట చివరికొచ్చేసరికి ఒకరి మాట మీద మరొకరి రాగం పరుచుకుని రెండూ ఏకకాలంలో వినిపిస్తాయి. 'ఇన్ ది ఎండ్'లో ఒక చిన్న పియానో వరస మీద షినోడా చరణం నడుపుతుంటే బెన్నింగ్టన్ మధ్యమధ్య అందుకుంటాడు. బుర్రకథ విన్నవాళ్ళకు కథకుడూ వంతా ఎలా నడుస్తారో తెలుసు. అయితే వంత కథకుణ్ణి బలపరుస్తుంది. ఇక్కడ రెండో గొంతు మొదటి గొంతు చెప్పిన సమాధానాలన్నీ చాలవని తేల్చేస్తుంది. దీన్ని అతుకులబొంత అనేవాళ్ళు అతుకు ఎక్కడ వేశారో చూశారు గాని, ఎందుకు వేశారో చూడలేదు. ఆ అతుకు దగ్గరే ఈ ఆల్బమ్ ఆకర్షణంతా ఉంది.

మూడో అభియోగం మిగతా రెండిటికన్నా తీవ్రమైనది: ఏడుపు. దీని వెనక ఒక పోలిక ఉంటుంది. రేజ్ వాళ్ళ ఆల్బమ్ అట్ట మీద 1963లో సైగాన్ నడివీధిలో ఆత్మాహుతి చేసుకున్న బౌద్ధ భిక్షువు ఛాయాచిత్రం ఉంది. వాళ్ళ కోపానికి చిరునామా ఉంది: రాజ్యం, పోలీసు, పెట్టుబడి. లింకిన్ పార్క్ కోపానికి చిరునామా లేదు. పాటల్లో 'నువ్వు' అని ఒకరిని నిలదీస్తూంటారు. ఆ నువ్వు తండ్రో, స్నేహితుడో, ప్రేయసో, అద్దంలో కనబడే తానో తేలదు. శత్రువు పేరు చెప్పలేని కోపం పసితనం కాదా అని ప్రశ్న.

అప్పటి పరిస్థితి గుర్తుచేసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రాప్, రాక్ కలిసిన సంగీతం 1999 నాటికి అమెరికాలో బాహాటంగా మగతనపు ప్రదర్శన అయింది. లింప్ బిజ్‌కిట్ వంటి బృందాల పాటల్లో కోపం బయటికి, చాలాసార్లు స్త్రీల మీదికి తిరిగేది. ఆ ఏడాది జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్‌లో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవం మంటలతో, లూటీలతో, స్త్రీల మీద అత్యాచారాలతో ముగిసింది. ఆ నేరాలకు పాటలే కారణమని తీర్పు చెప్పను. కాని ఆ వాతావరణంలో, అదే వాద్యాలతో, అంతే పెద్ద శబ్దంతో, కోపాన్ని లోపలికి తిప్పిన ఆల్బమ్ పదిహేను నెలల్లోపు రావడం చిన్న విషయమా? ఇందులో గొప్పలు చెప్పుకోవడం లేదు. స్త్రీని వస్తువుగా చూడటం లేదు. 'నా మీద నాకే పట్టు లేదు' అని ఒప్పుకోవడం ఉంది. 'క్రాలింగ్' పాట మాదకద్రవ్యాల, మద్యం గుప్పిట్లో తన మీద తానే అదుపు కోల్పోవడం గురించి అని బెన్నింగ్టన్ చెప్పాడు. అరిచే మగవాడు బలహీనుణ్ణని అరవడం ఆ సంగీతపు మర్యాదకు విరుద్ధం. ఆ మర్యాదను వీళ్ళు మీరారు.

మన దగ్గర ఈ ఆల్బమ్ ఎక్కడ వినబడిందో కూడా ఆలోచించాలి. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఇంజనీరింగ్ కళాశాలల హాస్టళ్ళలో, సీడీల మీదికి ఎక్కించుకున్న ఎంపీత్రీల్లో ఇది ఊళ్ళు తిరిగింది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు రాప్ భాగంలో సగం మాటలు అందేవి కావు. పల్లవి అందేది. మన సినిమా పాటలో మగవాడికి దుఃఖించే హక్కు ఎప్పటినుంచో ఉంది, కాని షరతుతో. 1953 నాటి 'దేవదాసు' నుంచీ ఆ షరతు ఒకటే: పోగొట్టుకున్న ప్రియురాలు ఉండాలి, చేతిలో సీసా ఉండాలి. ప్రేమా సీసా లేని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, ర్యాంకు తప్ప మరో కొలత ఎరగని ఇంటినుంచీ కోచింగు గదులనుంచీ వచ్చినవాడు, తన ఊపిరాడనితనానికి ఏ పాట పాడుకోవాలి? కారణం చూపిస్తేనే బాధను గుర్తిస్తామనే లోకంలో, కారణం అడగని పాట వాడికి దొరికింది. ఆ 'నువ్వు'కు పేరు పెట్టకపోవడం వల్లనే వాడు తనకు కావలసిన పేరు పెట్టుకోగలిగాడు. రేజ్ వాళ్ళ పాట వినాలంటే శత్రువెవరో అప్పటికే తెలిసుండాలి. లింకిన్ పార్క్ పాట, అది ఇంకా తెలియనివాడి కోసం.

ఈ పాటల సాహిత్యం కాగితం మీద పలుచగా ఉంటుందన్నది నిజం. పదజాలం చిన్నది, ఒకే భావం పదేపదే వస్తుంది. కాని పాటను కాగితం మీదికి దించి తూకం వేయడం, కూచిపూడిని నిశ్చలచిత్రంలో చూసి అడుగు లేదనడంలాంటిది. ఆ కొద్ది మాటలూ రెండు గొంతుల మధ్య చేతులు మారినప్పుడు బరువు మారుతుంది. ఆ బరువే పాట.

బెన్నింగ్టన్ 2017 జూలై 20న ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకుముందు దాకా ఇదంతా నటన, నాటకీయమైన ఏడుపు అన్న గొంతులు కొన్ని ఆ మరునాటినుంచి "పాటల్లో ముందే చెప్పాడు, మనమే వినలేదు" అని ఎత్తుకున్నాయి. మొదటి మాట ఎంత అన్యాయమో రెండోదీ అంతే. బాధ నిజమని రుజువు కావడానికి ఒక మనిషి చనిపోవలసి వచ్చిందంటే, ఆ లోపం వినేవాళ్ళ చెవిది. పోనీ పాటలన్నీ మరణవాంగ్మూలాలే అనుకుందామా? అప్పుడు స్టూడియోలో పదిసార్లు తిరగరాసిన చరణాలు, కత్తిరించి పేర్చిన గిటారు ముక్కలు, పక్కన నిలబడి సగం పాట మోసిన షినోడా, అందరూ మాయమైపోతారు. మిగిలేది ఒక కేసు కాగితం. అది కళాకారుడికి రెండోసారి చేసే అపచారం. పదిహేడేళ్ళు వేలమంది ఎదుట ఈ పాటలు పాడి, వాళ్ళచేత పాడించిన మనిషి చేసింది బతకడానికి పనికొచ్చే పని. ఆ పని అతన్ని కడదాకా నిలబెట్టలేకపోయినంత మాత్రాన, ఇతరులను నిలబెట్టలేదని ఎవరనగలరు?

2024లో ఆ బృందం ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే గాయనితో మళ్ళీ వేదిక ఎక్కింది. పాత పాటలు ఇప్పుడు ఒక స్త్రీ గొంతులో వినిపిస్తున్నాయి. ఆమె పాడటం నచ్చనివారు ఉన్నారు, అది వారి ఇష్టం. కాని మరొకరి గొంతులో కూడా ఆ రెండు పాత్రలూ, ఆ తగువూ నిలిచి ఉన్నాయి. 'హైబ్రిడ్ థియరీ' ఒక మనిషి డైరీ కాదనడానికీ, ఎవరైనా ఎక్కి కూర్చోగల కట్టడమనడానికీ ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అభియోగాలు మోపిన పెద్దలు ఈసారి తీర్పు రాసేముందు ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాలూ మొదటినుంచి చివరిదాకా, రెండు గొంతులనూ విడివిడిగా గమనిస్తూ, ఒక్కసారి విని చూడమని మనవి. అప్పటికీ వాళ్ళకు ఏడుపే వినిపిస్తే, ఆ ఏడుపు ఎవరిదో ఆలోచించమని రెండో మనవి.