మల్కిభరాముడు మనవాడేనా?

మొన్న క్లాసులో కుతుబ్‌షాహీల కాలం పాఠం నడుస్తుంటే వెనక బెంచీలోంచి ఒక ప్రశ్న వచ్చింది. "తెలుగు సాహిత్యంలో సుల్తానులకేం పని మేడం?" ముందు బెంచీ ఊరుకుంటుందా? "ఇబ్రహీం కుతుబ్‌షాకి తెలుగంటే ప్రాణం. మత సామరస్యం!" అని అందుకుంది. అంతలో బెల్లు కొట్టేశారు. పరీక్షకైతే ముందు బెంచీ జవాబు చాలు, అయిదు మార్కులొస్తాయి. నాకు మాత్రం రెండూ సగం సగం మాటల్లాగే తోచాయి.

జరిగిన కథ చూడండి. 1543లో గోల్కొండలో సుల్తాన్ కులీ హత్య జరిగింది. గద్దె ఎక్కిన అన్న జంషీద్‌కి భయపడి ఇబ్రహీం పారిపోయి, చివరికి చేరింది విజయనగరానికి. అళియ రామరాయలు చేరదీశాడు. ఏడేళ్ళు అక్కడే. 1550లో జంషీద్ పోయాక తిరిగొచ్చి సుల్తాను అయ్యాడు, ముప్పై ఏళ్ళు ఏలాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కి పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అది మొదటి అచ్చ తెలుగు కావ్యం. సంస్కృత పదం లేకుండా తెలుగులో కావ్యం రాస్తే, దాన్ని అందుకున్నది ఒక ఖానుగారు! ఇక మన కవులు మాలిక్ ఇబ్రహీంని 'మల్కిభరాముడు' చేసేశారు. పేరులో రాముణ్ణి కూర్చోబెట్టి పంపించారు. నాకైతే పాఠం మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

ముందు బెంచీ ఇక్కడ ఆగిపోతుంది. నేను ఆగలేను. ఎందుకంటే 1565 జనవరిలో కృష్ణ ఒడ్డున రామరాయల మీదికి వచ్చిన సుల్తానుల్లో ఇదే మల్కిభరాముడు ఉన్నాడు. రామరాయల తల తెగింది, విజయనగరం కొల్లబోయింది. ఏడేళ్ళు అన్నం పెట్టిన ఇల్లది.

"చూశావా, నేను చెప్పలే!" అంటుంది వెనక బెంచీ. ఆగమ్మా. ఆ ఇరవై ఏళ్ళూ రామరాయలు చేసిందేమిటి? ఒక సుల్తాన్ని ఇంకొకరి మీదికి ఉసిగొల్పడం, ఈ ఏడు వీళ్ళతో, వచ్చే ఏడు వాళ్ళతో. బిజాపూర్ అలీ ఆదిల్‌షా విజయనగరానికి వచ్చినప్పుడు రామరాయల భార్య అతణ్ణి కొడుకుగా చేసుకుందని ఫెరిస్తా రాశాడు. ఆ 'కొడుకు' కూడా 1565లో అవతలి పక్షమే. గోల్కొండ కోటల మీద కూడా రామరాయలు కన్నేశాడు, సైన్యం పంపాడు. అతని సైన్యంలో ముస్లిం సేనానులున్నారు, గోల్కొండ కొలువులో తెలుగు నాయకవాడీలున్నారు. ఇందులో మతం అసలే లేదని నేను అనను. కానీ ముందు కనపడేది కోటలూ, పన్నులూ, పగలూ.

ఇంకొకటి. మన పుస్తకంలో ఒక్క లైను కూడా లేదు కాబట్టి నేను చెప్పాలి. ఆ సుల్తానులు ఒకరినొకరు నమ్మేవాళ్ళు కాదు. మరి ఎలా కలిశారు? పెళ్ళిళ్ళతో. అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాంషా తన కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్‌షాకిచ్చి, కట్నంగా షోలాపూర్ కోట ఇచ్చాడు. అలీ తన చెల్లెల్ని హుస్సేన్ కొడుక్కిచ్చాడు. కుండమార్పిడి అన్నమాట! కోట ఎటు పోయిందో అందరూ రాశారు. ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా అన్నది ఎవరికీ పట్టలేదు. తర్వాత ఇదే చాంద్ బీబీ అహ్మద్‌నగర్ కోట మీద నిలబడి అక్బర్ సైన్యాన్ని ఆపింది. దౌత్యం అని మనం పెద్ద మాట వాడతాం గానీ, అందులో సగం ఆడపిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడమే.

ఇదంతా నాకెందుకంటే, మాది పావగడ. విజయనగరం పోయాక రాజధాని కదిలింది పెనుకొండకి, మా ఊరి నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇబ్రహీం కొడుకు కాలంలో గోల్కొండ సైన్యం ఆ పెనుకొండనూ ముట్టడించింది. అంటే తెలుగు కావ్యాలు విన్న దర్బారు నుంచి తెలుగు మాట్లాడే కోట మీదికి ఫిరంగులు వచ్చాయి. భాష ఒకటైతే పక్షం కూడా ఒకటవుతుందని ఎవరు చెప్పారు?

మా తాలూకాకి మూడు పక్కలా ఆంధ్ర. ఇంట్లో నాన్నతో కన్నడ, అమ్మతో తెలుగు. అవ్వతో ఏ భాష అని అడిగితే నేనే చెప్పలేను, ఒక వాక్యంలోనే రెండూ దొర్లుతాయి. తుమకూరులో "నీను ఆంధ్రదవళా?" అంటారు. అనంతపురం వైపు చుట్టాలింటికి పోతే "కర్ణాటక పిల్ల వచ్చింది" అంటారు. ఎవరి మీదా కోపం లేదు, నవ్వేసి ఊరుకుంటాను. కానీ నోట్లో మాటని బట్టి మనిషి ఎటువైపో తేల్చేయడం చూస్తే నాకు మల్కిభరాముడు గుర్తొస్తాడు. ఆయనకి తెలుగు నిజంగానే ఇష్టం, అది నటన అనుకోను. ఆ ఇష్టం యుద్ధాన్ని ఆపలేదు. యుద్ధం చేశాడు కదా అని ఆ ఇష్టం అబద్ధమూ కాలేదు. తర్వాత గోల్కొండ ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ రాయించారంటే, అది ఒక్క రాజు సరదా కాదని తెలుస్తోంది.

వెనక బెంచీకి నా జవాబు: అంకితాలు తీసుకున్నవాణ్ణి సాహిత్యంలోంచి ఎలా తీసేస్తావు? ముందు బెంచీకి: 1565 దాచిపెట్టి 'సామరస్యం' అని రాస్తే, రేపు ఎవరైనా ఆ సంవత్సరం చూపించి అడిగినప్పుడు ఏం చెప్తావు?

మేడం వాళ్ళకి ఒక మనవి. 'యయాతి చరిత్ర' చెప్పే వారమే హిస్టరీ మేడాన్ని కూడా మన క్లాసుకి పిలిచి 1565 చెప్పించండి. ఒక్క గంట చాలు. బెల్లు కొట్టినా ఎవరం లేవం.